ఈఆర్పీ కన్సల్టెంట్‌కి సీఏనా, సీఎంఏనా?

ఆటోనగర్_ఈఆర్పీ:
విజయవాడలో ఈఆర్పీ, అంటే కంపెనీ లెక్కలూ స్టాకూ నడిపే సాఫ్ట్‌వేర్, ఇంప్లిమెంటేషన్ పని. క్లయింట్లు ఎక్కువగా గుంటూరు మిర్చి ఎగుమతిదారులే. సెటప్ చేయగలను గానీ, స్టాక్ వాల్యుయేషన్ (నిల్వ సరుకుకి విలువ కట్టడం) మీద వాళ్ల అకౌంటెంట్ అడిగితే తడబడుతున్నాను. బీటెక్, 64 శాతం. ఉద్యోగం మానకుండా ఏది చదవాలి?

బ్రాడీపేట_లెడ్జర్:
సీఏ పక్కన పెట్టండి. 60 దాటింది కాబట్టి మొదటి మెట్టు ఫౌండేషన్ లేకుండా రెండో మెట్టు ఇంటర్‌లో చేరొచ్చు, చిక్కు అక్కడ కాదు. ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర శిక్షణ, 2 ఏళ్లు ఫుల్‌టైమ్, మీ ఉద్యోగంతో కుదరదు.

మన దేశపు కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఎంఏఐ వాళ్ల సీఎంఏ ఇంటర్ చూడండి. డిగ్రీ ఉంటే నేరుగా ప్రవేశం. 2 గ్రూపులు, 8 పేపర్లు. ముందు గ్రూప్ 1 ఒక్కటే కట్టండి: లా, ఫైనాన్షియల్ అకౌంటింగ్, ట్యాక్స్, కాస్ట్ అకౌంటింగ్. పేపర్‌కి 40, గ్రూప్ మొత్తానికి 50 శాతం రావాలి. అన్నింట్లో బొటాబొటీగా గట్టెక్కినవాళ్లు అగ్రిగేట్‌లో పోతారు. విజయవాడలో చాప్టర్ కూడా ఉంది.

తరుగు_లెక్క:
ఆ కాస్ట్ అకౌంటింగ్ మీకు రేపే పనికొస్తుందండీ. క్వింటా 15,000 చొప్పున 100 క్వింటాళ్ల మిర్చి కొన్నారు, 15 లక్షలు. మామూలు తరుగు 4 క్వింటాళ్లు పోతే మిగిలిన 96 మీదే ఆ ఖర్చంతా పడాలి, అంటే క్వింటా 15,625. తర్వాత టిక్కీలు (మిర్చి బస్తాలు) తడిసి మరో 6 క్వింటాళ్లు పాడయ్యాయనుకోండి. ఆ 93,750 నేరుగా నష్టం ఖాతాకి వెళ్లాలి, రేటు మాత్రం కదలకూడదు.

సిస్టమ్‌లో రెండింటికీ ఒకటే స్టాక్ అడ్జస్ట్‌మెంట్ పెడతారు, తప్పంతా అక్కడే. రెండింటినీ జీరో విలువతో తీస్తే 90 క్వింటాళ్ల రేటు 16,667కి ఎగబాకి, ముగింపు స్టాకూ లాభమూ ఉబ్బుతాయి. ఖర్చుగా తీస్తే మామూలు తరుగు కూడా నష్టంలో కలిసిపోతుంది. రెండు రీజన్ కోడ్‌లు (తరుగు కారణం చెప్పేవి), రెండు ఖాతాలు పెట్టండి.

బందరురోడ్_బ్యాలెన్స్:
ఒక హెచ్చరిక. కోచింగ్ వాళ్లు 'సీఎంఏ' అంటే ఏ సీఎంఏనో అడగండి. అమెరికా అకౌంటెంట్ల సంస్థ ఐఎంఏది 2 పార్టులే, ఒక్కోదానిలో 500కి 360 రావాలి. అందులో మన జీఎస్టీ ఉండదు. విదేశీ క్లయింట్లకైతే సరే, మిర్చి యార్డుకి దండగ.

ఆటోనగర్_ఈఆర్పీ:
గ్రూప్ 1తో ఆపేస్తే పేరు పక్కన ఏం రాసుకోవచ్చు?

బ్రాడీపేట_లెడ్జర్:
పేరు పక్కన ఏమీ వద్దు. సీఎంఏ అనేది ఫైనల్ పూర్తయి సభ్యత్వం వచ్చాకే. రెజ్యూమేలో 'సీఎంఏ ఇంటర్ గ్రూప్ 1 పాస్' అని ఉన్నదున్నట్టు రాయండి. జూన్ పరీక్షకి రాయాలంటే జనవరి 31 లోగా చేరాలి.