కీరా టమాటా సలాడ్ అరగంటకే నీళ్ళు కారుతోంది, భోజనాల దాకా నిలబెట్టేదెట్టా?

కావలి కోడలు అడిగింది:

ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం అన్నంలోకి కీరా, టమాటా, ఉల్లిపాయ ముక్కలు కలిపి నిమ్మకాయ పిండుతున్నాను. కలిపినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. అన్నాలకి కూర్చునేసరికి గిన్నె అడుగున నీళ్ళు చేరి, ముక్క వడిలి, చప్పబడిపోతోంది. మధ్యమధ్యలో ఒక కీరా చేదు తగిలి మొత్తం పాడుచేస్తోంది. వచ్చే ఆదివారం ఇంట్లో సీమంతం, 40 మంది భోజనాలు. ఆకులో ఇది కూడా వడ్డిద్దామంటున్నారు. కొలతలతో సహా చెప్పండి. ఇంకోటి, మా ఆయన డబ్బా పొద్దున ఏడింటికే కట్టాలి, ఒంటిగంటకి తింటారు. దానికీ ఏదైనా దారి ఉందా?

ఒంగోలు వంటిల్లు:

ముందు నలుగురికి సరిపడా కొలత చెప్తాను, 40 మంది సంగతి తర్వాత చూద్దాం.

మధ్య సైజు కీరాలు 2 (దాదాపు 450 గ్రాములు), గట్టి టమాటాలు 3 (250 గ్రాములు), ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిర్చి ఒకటి, నిమ్మకాయ ఒకటి, వేయించి దంచిన జీలకర్ర పొడి అర టీస్పూను, మిరియాల పొడి పావు, కొత్తిమీర గుప్పెడు, నాలుగు పుదీనా ఆకులు. ఉప్పు మొత్తం కలిపి ముప్పావు టీస్పూను దాటనివ్వద్దు.

ఇక నీళ్ళ సంగతి. కీరాలో నూటికి 95 పాళ్ళు నీరే. ముక్క మీద ఉప్పు పడగానే లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. దాన్ని ఆపలేం. గిన్నెలో కారే నీళ్ళని ముందే జల్లెడలో కార్పించేస్తే సరి.

కీరా చెక్కు తీసి నిలువునా రెండు చెక్కలు చేయండి. నడుమ గింజల గుజ్జుని స్పూనుతో గీకి తీసేయండి, నీళ్ళు ఎక్కువ అందులోనే. లేతకాయైతే గింజ జోలికి పోవద్దు. ముక్క బొటనవేలి గోరంత మందం ఉండాలి. బిళ్ళలుగా పల్చగా తరిగితే చూడటానికి బాగుంటాయి గానీ, కోత ఎక్కువయ్యేకొద్దీ నీరు కారడం కూడా ఎక్కువే. ముక్కలకి అర టీస్పూను ఉప్పు పట్టించి జల్లెడలో 20 నిమిషాలు వదిలేయండి, కింద గిన్నె పెట్టండి. నాలుగైదు స్పూన్ల నీళ్ళు దిగుతాయి. తర్వాత పల్చటి గుడ్డలో వేసి మెల్లగా అదమండి, బట్టలు పిండినట్టు పిండొద్దు. కడగొద్దు కూడా. కడిగితే ఉప్పు పోయి మళ్ళీ తడి చేరుతుంది.

టమాటాని నాలుగు చెక్కలు చేసి, లోపలి జారుడు గుజ్జు వేలితో తోసేసి ముక్కలు కోయండి. ఆ గుజ్జు పారేస్తే మాత్రం పాపం, టమాటా రుచి సగం దాంట్లోనే ఉంది. రాత్రి చారులో వేసుకోండి. కత్తి పదునుగా లేకపోతే టమాటా తెగదు, నలుగుతుంది. నలిగిన ముక్క ఉప్పు వెయ్యకముందే నీరు విడుస్తుంది.

కలిపే వరస: ముందు కీరా, టమాటా, ఉల్లి వేసి ఒక టీస్పూను వేరుశనగ నూనె పట్టించండి. నూనె పొర ఉంటే ఉప్పు, పులుపు ముక్కకి తగలడం కాస్త నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు. పొడులు, మిర్చి, ఆకులు తర్వాత. మిగిలిన పావు టీస్పూను ఉప్పు, నిమ్మరసం కంచం ముందు కూర్చున్నాకే.

పొదిలి కాయగూరలు:

చేదు గురించి. కీరా పాదుకి నీటి తడి సరిగా అందక, ఎండదెబ్బ తగిలితే కాయలో చేదు పుడుతుంది. మన వైపు ఏప్రిల్, మే కాయల్లో అందుకే ఎక్కువ తగులుతుంది. పైకి చూసి చెప్పడం కుదరదు. ఒకే పాదు కాయల్లో ఒకటి తియ్యగా, ఒకటి విషంలా ఉండొచ్చు.

చేదు తొడిమ వైపు, తొక్క కిందే ఎక్కువ. తొడిమ వైపు రెండు వేళ్ళ మందం కోసి పారేయండి, చెక్కు కాస్త లోతుగా తీయండి. ఆ తర్వాత తొడిమ వైపు నుంచి చిన్న పలుకు నోట్లో వేసుకుని చూడండి. ప్రతి కాయా చూడాల్సిందే, 40 మందికి చేసేటప్పుడైతే మరీను. ఒక్క చేదుకాయ గంగాళం మొత్తానికి చాలు. కొన కోసి ఆ ముక్కతోనే గుండ్రంగా రుద్ది నురగ తీస్తారు చూశారా, దానివల్ల కాయ లోపలి చేదు పోదు. తొడిమ ముక్క తీసేసినందువల్ల వచ్చే లాభాన్ని నురగ ఖాతాలో వేస్తున్నాం, అంతే. బాగా చేదున్న కాయని ఉప్పేసి, పెరుగేసి సర్దుకుని తినొద్దు. కడుపులో తిప్పుతుంది, విరేచనాలు కూడా పట్టుకోవచ్చు.

కొనేటప్పుడు సన్నగా, గట్టిగా, ముదురాకుపచ్చగా ఉన్నవి ఏరుకోండి. పొట్ట ఉబ్బి, పసుపు తిరిగిందంటే ముదిరిందని. గింజ గట్టిపడి ఉంటుంది. టమాటా అయితే బెంగుళూరు రకం, కోలగా గట్టిగా ఉండేది తీసుకోండి. నాటు టమాటా పప్పులోకి, చారులోకి బంగారం గానీ, సలాడ్‌లోకి పనికిరాదు, రసం ఎక్కువ.

గూడూరు నిమ్మతోట:

నిమ్మకాయ గురించి రెండు ముక్కలు. పల్చటి తొక్కతో, నున్నగా, చేతిలో బరువుగా ఉన్నది తీసుకోండి. కోసేముందు బల్ల మీద అరచేత్తో నొక్కి దొర్లిస్తే రసం బాగా దిగుతుంది. ఆఖరి చుక్క దాకా పిప్పి చేసి పిండొద్దు, తొక్కలోని చేదు, గింజల చేదు దిగుతుంది. విడిగా గిన్నెలో పిండి గింజలు తీసి పోయండి.

ముందే పిండితే ఇంకో నష్టం ఉంది. పులుపు తగిలి కొత్తిమీర, పుదీనా రంగు చచ్చి గడ్డి రంగులోకి వస్తాయి. వంటింటి వారు చెప్పినట్టు ఆఖరునే పోయాలి.

ఎండాకాలం నిమ్మకాయ రేటు చూసి భయమేస్తే పుల్ల మామిడి వాడండి, ఎటూ కాలమే కదా. నలుగురికి రెండు టేబుల్ స్పూన్ల తురుము చాలు. అది వేస్తే నిమ్మరసం అక్కర్లేదు. చేపల పులుసు ఉన్న రోజైతే రెండూ వద్దు. పులుసు పులుపుకి ఈ పులుపు తోడైతే పళ్ళు జివ్వుమంటాయి. ఆ రోజు ఉప్పు, మిరియాలతో సరిపెట్టండి.

కనిగిరి పెద్దమ్మ:

ఉప్పేసి నీళ్ళు కార్పించే పద్ధతి నాకు నచ్చదమ్మా. ముక్క కరకరలాడుతుంది, నిజమే. కానీ ఎండల్లో కీరా తినేదే ఆ నీటి కోసం. దాన్ని జల్లెడలో వదిలేసి పీచు తింటే ఏం లాభం? నీళ్ళు తాగే పదార్థం ఒకటి అందులో పడేస్తే పోతుంది.

శ్రీరామనవమికి వడపప్పు చేసుకుంటాం కదా, అదే దారి. చాయ పెసరపప్పు పావు కప్పు కడిగి 45 నిమిషాలు నానబెట్టాలి. గోటితో నొక్కితే విరగాలి, మెత్తగా చిదిమిపోకూడదు. పూర్తిగా వాడ్చి, తడి లేకుండా గుడ్డ మీద ఆరబెట్టి ముక్కల్లో కలపండి. కాస్త కొబ్బరి తురుము, పైన ఆవాలు, ఇంగువ, కరివేపాకు తాలింపు. తాలింపు చల్లారాకే వెయ్యాలి, వేడిగా వేస్తే టమాటా ఉడుకుతుంది.

పప్పు నానబెట్టే తీరిక లేకపోతే వేయించిన వేరుశనగ పలుకులు పొట్టు తీసి బరకగా దంచి రెండు స్పూన్లు చల్లండి. ఊరిన రసమంతా అది పీల్చుకుంటుంది, ముక్కకి పట్టుకుంటుంది. కాకపోతే ఇదీ తినే ముందే, ముందుగా వేస్తే ముద్దవుతుంది.

కీరా దొరక్కపోతే పప్పులో వేసుకునే పసుపు దోసకాయ కూడా పనికొస్తుంది. సగం పండిన గట్టికాయ తీసుకుని చెక్కు, గింజలు తీసి పచ్చి ముక్కలే వెయ్యండి. అది కీరా అంత తొందరగా మెత్తబడదు. చేదు మాత్రం దీనికీ చూసుకోవాలి, కాస్త పులుపు సహజం.

ఒంగోలు వంటిల్లు:

పెద్దమ్మా, ఇంట్లో నలుగురికి మీ మాటే రైటు. కానీ అరిటాకులో వడ్డించేటప్పుడు ఆ రసం పారి పక్కనున్న పప్పులో, అప్పడం కిందకీ చేరుతుంది. భోజనాలకైతే నీరు కార్పించాల్సిందే. కారిన నీళ్ళు పారేయమని నేనూ చెప్పడం లేదు.

కావలి కోడలు:

రెండూ బాగున్నాయి, ఇంట్లోకి పెద్దమ్మ గారిది, సీమంతానికి వంటింటి వారిది చేస్తాను. ఉల్లిపాయ ఘాటుకి పెద్దవాళ్ళు వద్దంటున్నారు, తీసెయ్యమంటారా? 40 మందికి ఎంత తెప్పించాలి, ఎన్నింటికి మొదలుపెట్టాలి?

నెల్లూరు వంటలు:

ఉల్లి తీసెయ్యక్కర్లేదు. సన్నగా తరిగి చల్లటి నీళ్ళలో 10 నిమిషాలు ఉంచి వాడ్చండి, ఘాటు నీళ్ళలోకి పోతుంది. గంటల తరబడి నాననిస్తే పీచు మిగులుతుంది. పెద్దవాళ్ళ కోసం ఉల్లి లేనిది ఒక గిన్నె పక్కన తీసి ఉంచితే గొడవ ఉండదు.

ఆకుకి 80 గ్రాములు వేసుకోండి, అన్ని ఐటాల మధ్య అంతకంటే ఎవరూ తినరు. అంటే తయారైన సలాడ్ 3 కిలోల పైచిలుకు కావాలి. చెక్కు, గింజ, తేమ పోను ఇవి తెప్పించండి: కీరా రెండున్నర కిలోలు, చేదుకాయల కోసం ఇంకో అరకిలో, టమాటా కిలోంబావు, ఉల్లి 600 గ్రాములు, పచ్చిమిర్చి 8, నిమ్మకాయలు 6, సైజు చిన్నవైతే 8, కొత్తిమీర రెండు కట్టలు. ఉప్పు మొత్తం 25 గ్రాములు, అంటే నాలుగున్నర టీస్పూన్లు. అందులో 15 గ్రాములు కీరాకి ముందు పట్టించేది, మిగతాది కలిపేటప్పుడు. జీలకర్ర పొడి టేబుల్ స్పూను, మిరియాల పొడి అందులో సగం.

మొదటి బంతి పన్నెండున్నరకి అనుకుంటే, పదింటికి కాయలన్నీ పారే నీళ్ళ కింద చేత్తో రుద్ది కడిగి, తుడిచి ఆరబెట్టండి. ఆకులు రెండు మూడు నీళ్ళలో జాడించండి. పచ్చిగా తినేది, పైగా తినేవాళ్ళలో గర్భిణి ఉంది. బోరు నీళ్ళతో కడిగినా ఆఖరి నీళ్ళు మాత్రం తాగే నీళ్ళే ఉండాలి. చేపలు, కోడి కోసిన పలక, కత్తి దీనికి వాడొద్దు.

పదకొండింటికి కీరా కోత, రుచి చూడటం. పదకొండుంబావుకి ఉప్పు, 20 నిమిషాల తర్వాత గుడ్డలో అదిమి స్టీలు డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. ఆ తర్వాత టమాటా, ఉల్లి కోసి వేరువేరు డబ్బాల్లో పెట్టండి. పన్నెండుంబావు దాటాక మొదటి బంతికి సరిపడా సగమే కలపండి. రెండో బంతి ఆకులు వేస్తుండగా మిగతా సగం. ఒకేసారి కలిపేస్తే రెండో బంతి వాళ్ళకి పులుసే మిగులుతుంది.

ఫ్రిజ్‌లో చోటు లేకపోతే టబ్బులో ఐసు పోసి, దాని మధ్యలో గిన్నె దించండి. చల్లగా ఉండాలని సలాడ్‌లోకి ఐసు ముక్కలు వెయ్యొద్దు, కరిగి చప్పబడుతుంది. చేపలకి వాడే ఐసుగడ్డ దొరికితే గిన్నె బయటివైపు వరకే. అది తాగే నీళ్ళతో చేసిందని నమ్మకం లేదు.

కలిపింది బయట రెండు గంటలు మించి ఉంచకూడదు. మన మే నెల ఎండలో, షామియానా కింద అయితే గంటే లెక్క.

కావలి కోడలు:

ఆ లెక్కన మా ఆయన డబ్బా ఆరు గంటలు ఉండేదే కదా!

ఒంగోలు వంటిల్లు:

అవును, కోసిన ముక్కలు చల్లదనం లేకుండా ఆరు గంటలు ఈ ఎండల్లో వద్దు. అన్నిటికంటే సులువు, కడిగి తుడిచిన చిన్న కీరా ఒకటి, గట్టి టమాటా ఒకటి అట్టే పెట్టి, చిన్న కత్తి ఇచ్చి పంపడం. ఉప్పు, జీలకర్ర పొడి, మిరియాల పొడి కలిపి కాగితం పొట్లంలో, నిమ్మకాయ విడిగా. అక్కడే కోసుకుంటారు.

కోసే పెట్టాలంటే ఆఫీసులో ఫ్రిజ్ ఉండాలి, లేదా వేడి చొరని సంచిలో గడ్డకట్టించిన నీళ్ళ సీసా పక్కన డబ్బా పెట్టాలి. అప్పుడు కూడా ఉప్పు, నిమ్మ లేకుండానే. డబ్బా అడుగున మడిచిన శుభ్రమైన పల్చటి గుడ్డ వేసి, కీరా కింద, టమాటా పైన పేర్చండి. సీసా కరిగి వేడెక్కిపోయిందంటే ఆ రోజుకి తినొద్దని చెప్పండి. అన్నం వేడి డబ్బా పక్కనే ఇది పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా.

కనిగిరి పెద్దమ్మ:

జల్లెడ కింద కారిన నీళ్ళు ఏం చేస్తావని అడుగుదామనుకున్నా.

ఒంగోలు వంటిల్లు:

మజ్జిగలో పోస్తాను పెద్దమ్మా, కాస్త అల్లం, కరివేపాకు నలిపి. 40 మంది కీరాకి దగ్గరదగ్గర అరలీటరు దిగొచ్చు, రుచి చూసి కొద్దికొద్దిగా కలపండి. ఉప్పు అందులోనే ఉంది కాబట్టి మజ్జిగకి వేరే వెయ్యొద్దు. బీపీ ఉన్నవాళ్ళకి మాత్రం ఆ మజ్జిగ పొయ్యకండి, మామూలుది వేరే తీసి ఉంచండి.