బ్యాలెన్స్ బోర్డు మీద కాలు జారుతోంది, పైన ఏం వేయాలి?

హన్మకొండ నుంచి:
చీలమండ బెణికి తగ్గాక ఇంట్లో సాధన చేద్దామని బ్యాలెన్స్ బోర్డు చేసుకున్నాను. 18 ఎంఎం ప్లైవుడ్, కింద 4 అంగుళాల పీవీసీ పైపు. చూడ్డానికి బాగుంటుందని రెండు కోట్లు నిగనిగలాడే వార్నిష్ కొట్టాను. అదే తప్పయింది. అరికాళ్లకు కాస్త చెమట పడితే చాలు, సర్రున జారుతోంది. నిన్న చేతికి గోడ అందబట్టి సరిపోయింది. మెట్లకు అంటించే గరుకు టేప్ వేయాలా, వార్నిష్‌లో ఇసుక కలిపి ఇంకో కోటు కొట్టాలా?

కాజీపేట నుంచి:
అన్నా, బూట్లతో ఎక్కుతారా, ఉత్తకాళ్లతోనా? బూట్లయితే గరుకు టేప్‌ను మించింది లేదు. ఉత్తకాళ్లతో దాని మీద నిలబడితే ఉప్పుకాగితం మీద నిలబడ్డట్టే. నేను వారం వాడాను, బొటనవేలి కింద తోలు ఊడింది.

హన్మకొండ:
ఉత్తకాళ్లే తమ్ముడూ.

కాజీపేట:
అయితే పాత యోగా మ్యాట్ కోసి అతికించండి. ముందు 120 నంబరు ఉప్పుకాగితంతో ఆ నిగనిగ పోయేదాకా రుద్ది, పొడి తుడిచేయండి. రబ్బరు గమ్ము బోర్డుకూ మ్యాట్‌కూ పల్చగా పూసి, వేలికి అంటనంతగా ఆరాక అతికించాలి. పది పదిహేను నిమిషాలు పడుతుంది. తొందరపడి పచ్చిగా అతికిస్తే మూలలు లేస్తాయి. ఒకసారి పట్టుకుంటే మళ్లీ జరపలేరు, అందుకని ఒక అంచు నుంచి మెల్లగా పరుచుకుంటూ రండి. మందం మ్యాట్ వద్దు, కాలు దిగబడుతుంది. 4 ఎంఎం చాలు. డబుల్ సైడ్ టేప్ జోలికి పోకండి, మన ఎండలకు దాని గమ్ము మెత్తబడి మ్యాట్ పక్కకు జరుగుతుంది.

జమ్మికుంట నుంచి:
నాది వడ్రంగి పని. ఇసుక పద్ధతీ మంచిదే. అయితే ఇసుకను డబ్బాలో కలిపితే అడుక్కి దిగుతుంది. కడిగి ఆరబెట్టిన ఇసుకను చాయ్ జాలీలో జల్లించి, మొదటి కోటు పచ్చిగా ఉన్నప్పుడే ఉప్పు చల్లినట్టు చల్లండి. ఆరాక దులిపి పైన ఇంకో పల్చటి కోటు. చేతికి ఆరినట్టే ఉంటుంది కానీ వారం దాకా ఎక్కకండి. ముగ్గుపిండి మాత్రం వద్దు, అరిగి పొడి రాలుతుంది.
ఇంతకీ జారేది కాలేనా? పైపు కూడా నేల మీద జారుతోందేమో చూశారా?

హన్మకొండ:
చూడలేదన్నా. ఇల్లంతా గ్రానైటే. దెబ్బ తగలకుండా కింద కొత్తవాడ జంపఖానా వేశాను. ఇప్పుడు ఎక్కి చూస్తే జంపఖానాతో సహా పోతోంది!

జమ్మికుంట:
నూలు జంపఖానా నున్నటి బండను పట్టుకోదు. అది తీసి రబ్బరు మ్యాట్ వేయండి. మిగిలిన యోగా మ్యాట్‌ను పైపుకు ఒక్క చుట్టే అతికించండి. అంచు మీద అంచు ఎక్కితే తిరిగేటప్పుడు ఎత్తేస్తుంది. బోర్డు కింద రెండు చివర్లా అడ్డంగా రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, బిగించారా? అవి లేకపోతే పైపు బయటికి దొర్లిపోతుంది, పైన ఏం అతికించినా పడతారు.

హన్మకొండ:
రీపర్లు లేవన్నా. ముందు అదే పని చూస్తా. మేకులా, స్క్రూలా?

జమ్మికుంట:
స్క్రూలే, కింది వైపు నుంచి. మొన పైకి తేలకుండా పొడవు కొలుచుకోండి, ఉత్తకాళ్లు కదా.