పోలీసు సెలెక్షన్ ఎంక్వైరీలో ఏం చూస్తారు, ఏం వదిలేస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి

దీప్తి_ఒంగోలు

అందరికీ నమస్కారం. మా తమ్ముడు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. ఇంట్లో సంతోషం కన్నా టెన్షనే ఎక్కువగా ఉంది. 2019లో తిరునాళ్ళ రోజు ప్రభ దగ్గర గొడవ జరిగితే రెండు వర్గాల వాళ్ళూ కేసులు పెట్టుకున్నారు. అక్కడున్న కుర్రాళ్ళందరి పేర్లూ రాశారు, వాడి పేరు కూడా అందులో ఉంది. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇప్పుడు అటెస్టేషన్ ఫారంలో (సెలెక్ట్ అయినవాళ్ళు తమ వివరాలు, కేసులు రాసిచ్చే ఫారం) అది రాయాలా వద్దా అని తలో మాట చెబుతున్నారు.

ఇంకో సంగతి కూడా అడగాలి. మా వీధిలో కూలి పనికి వెళ్ళే ఒకాయన్ని సెల్‌ఫోన్ దొంగతనం అనుమానంతో స్టేషన్‌కి తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచారు. ఎఫ్‌ఐఆర్ లేదు, అరెస్టు చూపించలేదు. ఇంటికొచ్చాక అరికాళ్ళు నేలకి ఆనించలేక పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. ఆ ఫోన్ చివరికి పోగొట్టుకున్నవాళ్ళ ఇంట్లోనే దొరికింది. రాజీ అయిపోయిన తిరునాళ్ళ కేసు గురించి మమ్మల్ని ఇంత భయపెడుతున్నారే, ఆ మనిషిని అలా కొట్టినవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఏం చూసి తీసుకున్నారు?

నరేష్_సిద్దిపేట

నేను తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో రాశాను. ఏం చూశారో వరసగా చెబుతా. ప్రిలిమ్స్ అయ్యాక గ్రౌండ్. ఎత్తు 167.6 సెంటీమీటర్లు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కేజీల షాట్‌పుట్ 6 మీటర్లు. తర్వాత మెయిన్స్, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, స్పెషల్ బ్రాంచ్ (పోలీసుల సమాచార సేకరణ విభాగం) ఎంక్వైరీ, మెడికల్.

మెడికల్‌లో కంటిచూపు, మోకాళ్ళు, పాదాలు చూశారు. కోపం వస్తే ఏం చేస్తావు, నీకన్నా బలహీనుడు ఎదురు మాట్లాడితే ఎలా తీసుకుంటావు అని ఎవరూ అడగలేదు. ఇంటర్వ్యూ లేకపోవడం ఒక రకంగా మంచిదే, ఉంటే పైరవీలు మొదలయ్యేవి. కానీ ఇంటర్వ్యూ వేరు, మానసిక పరీక్ష వేరు కదా. సైన్యంలో ఆఫీసర్లని తీసుకునేటప్పుడు సర్వీస్ సెలెక్షన్ బోర్డులో సైకాలజిస్టులు ఉంటారు. లాఠీ పట్టుకుని రోజూ జనం మధ్య తిరిగేవాడికి మాత్రం ఆ అవసరం లేదా?

పాత_ఖాకీ

అమ్మా దీప్తీ, నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. స్పెషల్ బ్రాంచ్‌లో ఉండగా ఈ ఎంక్వైరీలు చాలా చేశాను. ఎలా జరుగుతుందో చెబుతాను, మంచీ చెడూ నీకే తెలుస్తుంది.

సెలెక్షన్ అయ్యాక ఫారాల కట్ట జిల్లాకి వస్తుంది. మండలాల వారీగా పంచుతారు. ఒక్కో కానిస్టేబుల్ చేతికి పదుల్లో వస్తాయి, గడువు తక్కువ, మామూలు డ్యూటీ ఎలాగూ తప్పదు. ముందు ఆ పిల్లవాడి ఊరు ఏ స్టేషన్ కిందికి వస్తుందో అక్కడికి వెళ్ళి రికార్డులు తిరగేస్తాం. ఇప్పుడు కంప్యూటర్‌లో పేరు కొడితే చాలు. తర్వాత ఊళ్ళోకి వెళ్ళి ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగుని, ఒక పెద్దమనిషిని అడుగుతాం. "ఎలాంటివాడు?" అంటే "మంచి కుర్రాడేనండి, ఎవరి జోలికీ పోడు" అంటారు. రేపు యూనిఫాం వేసుకుని అదే ఊరికి రాబోయేవాడి గురించి, తండ్రి పక్కనే నిలబడి ఉండగా, ఇంకోలా ఎవరు చెబుతారమ్మా? ఆ మాటే రాసుకుంటాం, సంతకాలు తీసుకుంటాం.

కాబట్టి చివరికి మిగిలేది స్టేషన్ రికార్డు ఒక్కటే. అసలు చిక్కు అక్కడే ఉంది. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఇంటి కొడుకు ఎవణ్ణైనా చావబాదితే సాయంత్రానికి పెద్దమనుషుల దగ్గర సర్దుబాటు అయిపోతుంది, కాగితం పుట్టదు. దిక్కులేని ఇంటి పిల్లవాడు గుంపులో నిలబడి ఉన్నా ఎఫ్‌ఐఆర్‌లో ఎనిమిదో ముద్దాయి అవుతాడు. పదేళ్ళ తర్వాత మేము వెళ్ళి చూస్తే మొదటివాడి పేరు మీద ఏమీ ఉండదు, రెండోవాడి మీద కేసు ఉంటుంది. అమ్మాయిల వెంటపడి వేధించినవాడు, కులం పేరు పెట్టి తిట్టే అలవాటున్నవాడు, ఇంట్లో తల్లిని కొట్టేవాడు, వీళ్ళెవరూ ఆ రికార్డులో కనబడరు. నాకు సర్వీసంతా బాధ కలిగించింది ఇదే.

లాయర్_సుబ్బారావు

దీప్తి గారూ, ఫారం సంగతి ముందు చెబుతాను. కేసు ఉన్నట్టు రాయమనండి. తప్పకుండా రాయాలి. రాజీ అయినా, కొట్టేసినా, నిర్దోషిగా బయటపడినా, ఫారంలో అడిగితే రాయాల్సిందే. క్రైమ్ నంబరు, సెక్షన్లు, లోక్ అదాలత్ అవార్డు కాపీ జతచేయండి.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి దీని మీద విధివిధానాలు చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసులైతే, దాచిపెట్టినా యజమాని క్షమించవచ్చు. నిజం చెప్పినా సరే, పూర్వాపరాలు చూసి తీసుకోవాలా వద్దా అని నిర్ణయించే హక్కు మాత్రం వాళ్ళకి ఉంటుంది. ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, అడగనిది చెప్పలేదని తప్పు పట్టకూడదు. తెలియని కేసును దాచాడనడానికీ వీల్లేదు.

అంతకుముందు 2013లో మెహర్ సింగ్ కేసులో, రాజీ వల్ల కేసు పోయినంత మాత్రాన పోలీసు ఉద్యోగానికి తగినవాడని కాదని, స్క్రీనింగ్ కమిటీ కాదనవచ్చని ఇదే కోర్టు అంది. 2024 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ రవీంద్ర కుమార్ కేసులో, నిర్దోషిగా తేలిన కేసు రాయకపోయినా, స్థానిక స్టేషన్ నుంచి మంచి రిపోర్టు రావడం లాంటివి చూసి ఉద్యోగంలోకి తీసుకోమంది. అంటే ఒక్కో కేసు ఒక్కోలా తేలుతుంది. ధైర్యం చెప్పగలను, హామీ ఇవ్వలేను. ఇంకో మాట, గొడవ నాటికి మీ తమ్ముడికి 18 ఏళ్ళు నిండకపోతే వెంటనే చెప్పండి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 కింద ఆ కేసు వల్ల అనర్హత రాకూడదు.

కొండపల్లి_బొమ్మ

లాయరు గారు చెప్పింది నిజం. మా ఫ్రెండ్ ఫారం నెట్ సెంటర్‌లో నింపించాడు. అక్కడి అబ్బాయి "కేసు పోయింది కదన్నా, నో పెట్టేద్దాం" అన్నాడు. ఎంక్వైరీలో బయటపడింది, సెలెక్షన్ రద్దు చేస్తూ ఆర్డర్ వచ్చింది. కేసు ఉన్నందుకు కాదు, దాచినందుకు. ఇప్పుడు హైకోర్టులో రిట్ వేసి ఎదురుచూస్తున్నాడు. దయచేసి ఆ ఫారం ఎవరి చేతికీ ఇవ్వకండి, మీరే దగ్గర కూర్చుని నింపించండి.

పేరు_వద్దు

నా విషయం చెబుతాను, ఊరూ జిల్లా అడగకండి. నా భర్త కానిస్టేబుల్. సెలెక్షన్‌లో అతని మీద ఏ కేసూ లేదు, ఎంక్వైరీ రిపోర్టు శుభ్రంగా వచ్చింది. పెళ్ళైన రెండో ఏట కొట్టడం మొదలుపెట్టాడు. డ్యూటీ నుంచి వచ్చి బెల్టు తీసి మేకుకి తగిలించేవాడు, కోపం వచ్చిన రోజు తగిలించేవాడు కాదు. ఆ బెల్టు ఎక్కడుందో చూసి మా పాప తన గదిలోకి వెళ్ళిపోయేది.

స్టేషన్‌కి వెళితే అతని బ్యాచ్‌వాళ్ళే కుర్చీ వేసి కూర్చోబెట్టి, "అమ్మా, కేసైతే సస్పెండ్ అవుతాడు, జీతం సగం అవుతుంది, నీకూ పాపకీ కష్టం" అని కౌన్సెలింగ్ చేసి పంపారు. మూడుసార్లు ఇదే. జిల్లా ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చాకే కేసు కట్టారు. సస్పెండ్ అయ్యాడు. కొన్నాళ్ళకి తిరిగి డ్యూటీలోకి వచ్చాడు, కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడతను ఉన్న స్టేషన్‌కి, భర్త కొట్టాడని ఏడుస్తూ ఎవరైనా వస్తే ఆ అర్జీ తీసుకునేది అతనే కావచ్చు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఉద్యోగంలో చేరే రోజున ఒకసారి చూస్తారు సరే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో మళ్ళీ చూడరా?

దీప్తి_ఒంగోలు

అక్కా, మీరు ఇదంతా ఇక్కడ రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. పాప జాగ్రత్త.

థేమ్స్_తీరం

లండన్ నుంచి. ఆ అక్క అడిగిన ప్రశ్న మీదే ఇక్కడ దేశమంతా అట్టుడికింది. 2021 మార్చిలో మెట్రోపాలిటన్ పోలీసులో ఉద్యోగం చేస్తున్న ఒక ఆఫీసరు, తన పోలీసు కార్డు చూపించి రోడ్డు మీద వెళ్తున్న యువతిని ఎత్తుకెళ్ళి చంపేశాడు. అంతకుముందే అతని మీద అసభ్య ప్రవర్తన ఫిర్యాదులు ఉన్నాయి, అయినా వెట్టింగ్ (అంటే మన ఎంక్వైరీ లాంటి తనిఖీ) దాటిపోయాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆంజియోలిని విచారణ నివేదిక, అతను అసలు పోలీసు కావాల్సిన మనిషే కాదని తేల్చింది. 2023 జనవరిలో ఇంకో ఆఫీసరు, డేవిడ్ కారిక్, పదిహేడేళ్ళ పాటు చేసిన అత్యాచారాలు ఒప్పుకున్నాడు. అన్నాళ్ళూ అతను పోలీసే.

ఇక్కడ వెట్టింగ్‌కి గడువు ఉంటుంది. కొన్నేళ్ళకోసారి మళ్ళీ చెయ్యాలి, అప్పులు, ఆర్థిక ఇబ్బందులు కూడా చూస్తారు. అయినా అలాంటివాళ్ళు జారిపోయారు, ఎందుకంటే ఒక స్టేషన్‌లో వచ్చిన ఫిర్యాదు ఇంకో చోటి కాగితాలకి కలవలేదు, తోటివాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మన దగ్గర మళ్ళీ చూడాలన్న నియమమైనా రావాలి. నియమం ఒక్కటే సరిపోదని మాత్రం ఇక్కడి అనుభవం చెబుతోంది.

డ్యూటీలో_ఉన్నా

నేను ఇప్పుడు సర్వీసులో ఉన్న కానిస్టేబుల్‌ని. అందరూ సెలెక్షన్ గురించే మాట్లాడుతున్నారు. నా బ్యాచ్‌లో నాతో పాటు ట్రైనింగ్ అయిన పిల్లలు మంచివాళ్ళే. తొమ్మిది నెలల ట్రైనింగ్‌లో పరేడ్, వెపన్స్, లా క్లాసులు అన్నీ చెప్పారు. అరెస్టులో పోలీసులు పాటించాల్సినవి చెప్పిన సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు, అరెస్టు మెమో, బంధువులకి కబురు చెయ్యడం అన్నీ పరీక్షలో రాశాం. స్టేషన్‌కి వచ్చాక నేర్చుకున్నది వేరు.

దొంగతనం కేసు వస్తే పై నుంచి అడిగేది "రికవరీ ఎంత?" అని, అంటే పోయిన సొమ్ము ఎంత రాబట్టారని. వేలిముద్రలు, సీసీ ఫుటేజీ, కాల్ డేటా తెప్పించుకోవడానికి రోజులు పడుతుంది. అనుమానితుడు చేతికందేంత దూరంలో ఉంటాడు. ఎస్సై మీద ఒత్తిడి, ఆయన నుంచి మా మీద. 2021 జూన్‌లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో చనిపోయిన దళిత మహిళని తీసుకొచ్చింది దొంగతనం అనుమానంతోనే. 2023 ఫిబ్రవరిలో మెదక్‌లో పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నాక గాంధీ ఆస్పత్రిలో చనిపోయినాయన్ని పట్టుకున్నదీ దొంగతనం అనుమానంతోనే. ఇది గమనించారా? పెద్ద కేసుల్లో పెద్దవాళ్ళ మీద చెయ్యి పడదు. పోయిన సొమ్ము కోసం పేదవాళ్ళ మీదే పడుతుంది.

ఆంధ్రలో 2019లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. బందోబస్తు వస్తే అది ఎగిరిపోతుంది. నిద్రలేని మనిషికి లాఠీ ఇచ్చి దొంగని ఒప్పించమంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొట్టినవాణ్ణి వెనకేసుకు రావడం లేదు. కానీ ఎంత మంచి పిల్లవాణ్ణి ఏరి పంపినా రికవరీ అంకెలతోనే పనిని కొలుస్తుంటే అతను ఆరు నెలల్లో మారిపోతాడు.

పాత_ఖాకీ

తమ్ముడూ, ఒత్తిడి నిజం. ఆ ఒత్తిడి నేనూ చూశాను. కానీ అదే స్టేషన్‌లో, అదే ఎస్సై కింద, నలుగురు కొడుతుంటే ఒకడు బయటికొచ్చి నిలబడేవాడు. ఆ ఒకడికి ఏముందో అది చూసి ఎంచుకోవాలి అంటున్నాను. పైగా అలాంటివాణ్ణి మన డిపార్టుమెంట్ ఏం చేస్తుంది? "పనికిరాడు" అని సెంట్రీ డ్యూటీకో, కోర్టు డ్యూటీకో వేస్తుంది. కొట్టినవాడికి కేసు తేల్చాడని రివార్డు.

శిక్షల సంగతీ చెప్పాలి. పేపర్లో "సస్పెన్షన్" అని పెద్దక్షరాలతో వస్తే జనం శిక్ష పడిందనుకుంటారు. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ అయ్యేదాకా పక్కన పెట్టడం. సీసీఏ రూల్స్ (ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు) కింద ఛార్జ్ మెమో, వివరణ, ఓరల్ ఎంక్వైరీ అన్నీ నడవాలి. చాలావాటిలో చివరికి ఇంక్రిమెంట్ కోత దగ్గర ఆగిపోవడం నా కళ్ళతో చూశాను. అడ్డగూడూరు కేసులో ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళని రాజ్యాంగం 311వ అధికరణం కింద, ఆ ఎంక్వైరీ ఏదీ లేకుండా నేరుగా డిస్మిస్ చేశారు. చేయాలనుకుంటే చేయగలరని దాన్నిబట్టి తెలుస్తోంది.

నరేష్_సిద్దిపేట

లాయరు గారూ, డిపార్టుమెంట్ కాకుండా బయట ఎవరికైనా ఫిర్యాదు చేయవచ్చా? దీప్తి గారి వీధిలో ఆయనకి ఉపయోగపడుతుంది.

లాయర్_సుబ్బారావు

చేయవచ్చు. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి రాష్ట్రంలోనూ ప్రతి జిల్లాలోనూ పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ పెట్టమంది. అది సరిగ్గా పనిచేసి ఉంటే మనం ఇక్కడ ఇంతసేపు మాట్లాడుకునే పని ఉండేది కాదు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఆయన చేయాల్సిన పనులు ఇవి.

ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి, దెబ్బలు ఎలా తగిలాయో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పి రికార్డు చేయించుకోవాలి. జారిపడ్డానని చెప్పకూడదు, భయంతో చాలామంది అలాగే చెబుతారు, కేసు అక్కడే పోతుంది. అరికాళ్ళ ఫోటోలు రోజూ తీయండి. జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు, కాపీ మానవ హక్కుల కమిషన్‌కి. స్పందన లేకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 175 కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు.

అన్నిటికన్నా తొందరగా చేయాల్సింది సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని అడగడం. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో, ప్రతి స్టేషన్‌లో లాకప్‌లు, వరండాలు, వచ్చే పోయే దారులు అన్నీ కనబడేలా, మాటలు కూడా రికార్డయ్యేలా కెమెరాలు పెట్టి 18 నెలలు ఫుటేజీ ఉంచమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆయన్ని ఏ రోజు ఎన్ని గంటలకి లోపలికి తీసుకెళ్ళారో, ఎప్పుడు వదిలారో తేదీ, సమయం వేసి అడగండి. అరెస్టే చేయలేదని వాళ్ళు అన్నా, రెండు రోజులు లోపల ఉన్నాడని ఆ కెమెరా చెబుతుంది.

కొండపల్లి_బొమ్మ

కెమెరా పనిచేయడం లేదంటే? మా దగ్గర ఎప్పుడడిగినా అదే మాట.

లాయర్_సుబ్బారావు

ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి. ఏ తేదీ నుంచి పనిచేయడం లేదు, పాడైనట్టు పైకి ఎప్పుడు రాశారు, బాగుచేయించడానికి ఏం చేశారు, ఈ మూడూ సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ తీర్పు ప్రకారం కెమెరాలు నడిచేలా చూసుకునే బాధ్యత స్టేషన్ ఇన్‌చార్జి అధికారి ఎస్‌హెచ్‌ఓదే. కోర్టులో ఆ జవాబు మీకే పనికొస్తుంది.