చర్చ: శాఖా గ్రంథాలయంలో డిటెక్టివ్ రచయితతో సభ పెట్టొచ్చా, కూడదా?

కాలువగట్టు:
నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా. మా శాఖలో ఏటా ఒకటే తంతు. మొదటిరోజు నెహ్రూ గారి ఫోటోకి దండ, మధ్యలో పిల్లలకి వ్యాసరచన, ఆడవాళ్ళకి ముగ్గులు, ఆఖరి రోజు శాలువాలు. వారం మొత్తమ్మీద ఒక పుస్తకం గురించి నోరు విప్పేవాడు ఉండడు. ఈసారి డిటెక్టివ్ నవలలు రాసే ఒకాయన్ని పిలుద్దామన్నాను. పక్క జిల్లానే, బస్సు చార్జీలిస్తే చాలన్నారు. లైబ్రేరియన్ గారు ఊఁ అన్నారు. పాఠకుల సంఘం పెద్దలు ముగ్గురు మాత్రం "సరస్వతీ నిలయంలో శవాల గోలేంటయ్యా" అని అడ్డం తిరిగారు.

నాకు తెలిసిందల్లా బీరువా. కవితా సంపుటాలు కొన్ననాటిలాగే కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. డిటెక్టివ్ నవలలకి మూడోసారి బైండు కట్టించారు, మూలలు మళ్ళీ నలిగిపోయాయి. జనం చదివేదాని గురించి మాట్లాడుకుంటే తప్పా? చెప్పండి.

పంతులు గారు (రిటైర్డ్):
తప్పే. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించింది జనానికి కాలక్షేపం కోసం కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదపులివర్రు వైపు కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ పడవలో హత్యలూ తుపాకులూ లేవు బాబూ. పైగా మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. 1960 గ్రంథాలయ చట్టం కింద వసూలు చేసేదే. ఆ డబ్బుతో నడిచే చోట ఏం మాట్లాడాలో ఆలోచించాలా వద్దా? డిటెక్టివ్ నవలలు చదవొద్దనడం లేదు, బస్టాండులో దొరుకుతాయి, కొనుక్కుని చదువుకోండి. వేదికెక్కించి దండలెయ్యడం ఎందుకు?

సత్యనారాయణపురం సందు:
మాష్టారూ, 1935 పడవలో డిటెక్టివ్ యుగంధర్ ఎలా ఉంటాడండీ, ఆ పాత్రని పుట్టించిన కొమ్మూరి సాంబశివరావు గారికే అప్పటికి బడికెళ్ళే వయసు :) పడవ జనం దగ్గరికి ఎందుకెళ్ళింది? వాళ్ళు లైబ్రరీదాకా రాలేరు కాబట్టి. ఇప్పుడు దారి పక్కనే ఉన్నా రావడం లేదు. ఇక 8 పైసలంటారా, మా అమ్మ కూడా కట్టింది. ఆవిడ జన్మలో ప్రబంధం ముట్టుకోలేదు, మధుబాబు షాడో నవల ఒక్కటి వదల్లేదు.

మా సందు చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అక్కడ తెచ్చిన ఒక నవలకి ఆఖరి నాలుగు పేజీలు లేవు. పోనీలే అనుకుంటే, పన్నెండో పేజీ మార్జిన్లో ఎవడో మహానుభావుడు పెన్సిల్‌తో రాసి పెట్టాడు: "హంతకుడు డ్రైవరే. నన్ను తిట్టుకోకండి." అది నిజమో అబద్ధమో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఆ కొట్టువాడు మాత్రం పేజీలు ఉన్నట్టే లెక్కకట్టి అద్దె తీసుకున్నాడు. తెలుగు గబగబా చదవడం నాకు వచ్చింది అలాంటి పుస్తకాలతోనే.

ఎస్సై_ఈసారి_పక్కా:
అన్నా, మీ కొట్లాట మంచిగనే ఉంది గని మా మాట ఎవ్వలూ అడుగుతలేరు. నేను ఏడాదిన్నర సంది లైబ్రరీలనే చదువుతున్న. పొద్దుగాల తలుపు తెరువకముందే వచ్చి మెట్ల మీద బ్యాగు పెడ్తే కుర్చీ దొరుకుతది, లేకుంటే గోడకు ఆనుకొని కూసోవాలె. గ్రూప్స్ వాళ్ళు, డీఎస్సీ వాళ్ళు, మేము, అందరికీ ఉన్నది ఒక్కటే హాలు. పోయినేడు వారోత్సవాలల్ల మూడు రోజులు మైకు పెట్టిన్రు. రూముల చదువుకుందామంటే నలుగురం ఉంటం. పోలీసు కథనా పోతన పద్యమా అని కాదన్నా, ఏది పెట్టినా మా కుర్చీలే గుంజుతరు.

పంతులు గారు (రిటైర్డ్):
చూశారా. నేను చెప్పేదీ అదే.

ఎస్సై_ఈసారి_పక్కా:
సార్, మీరు చెప్పింది అది కాదు. మీరు పెట్టే శాలువల సభకు గూడ మా కుర్చీలే ఇచ్చినం.

లీడ్స్_నుంచి:
ఇక్కడి సంగతి చెప్తాను, గొప్ప కోసం కాదు. బ్రిటన్లో జూన్ నెలంతా క్రైమ్ నవలల మాసంలా జరుపుతారు, లైబ్రరీల్లో రచయితలు వచ్చి మాట్లాడతారు. క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ వాళ్ళకి 'డాగర్ ఇన్ ద లైబ్రరీ' అని ఒక అవార్డు ఉంది, దానికి పేర్లు పంపేది లైబ్రేరియన్లే. ఒక పుస్తకం ఇష్యూ అయితే రచయితకి ప్రభుత్వం కొన్ని పెన్నీలు కడుతుంది. అంచేత రచయితకీ లైబ్రరీకీ మధ్య లెక్క ఉంటుంది, మొహమాటం ఉండదు. మన దగ్గర రచయిత సొంత ఖర్చుతో వచ్చి, నాలుగు పుస్తకాలు ఉచితంగా ఇచ్చి, శాలువా పట్టుకుని పోవాలి. కాలువగట్టు గారూ, ఆయనకి బస్సు చార్జీలతో పాటు ఏమన్నా ఇస్తున్నారా?

నేను వెళ్ళిన సభ లైబ్రరీ మూసేశాక, సాయంత్రం పెట్టారు. మూడు పౌండ్ల టికెట్టు, టీ బిస్కెట్లు. పాతికమంది వచ్చారు, అందులో నేనే కుర్రవాణ్ణి, నాకు యాభై రెండు. కాబట్టి ఇలాంటి సభ పెట్టగానే కుర్రాళ్ళు ఎగబడతారని ఆశ పెట్టుకోకండి.

పద్మ_పాఠకురాలు:
కుర్రాళ్ళ సంగతి సరే, ఆడవాళ్ళ సంగతి? మా శాఖలో పేపర్ల బల్ల చుట్టూ మగవాళ్ళు, లోపల పరీక్షల పిల్లలు. నేను పుస్తకం మార్చుకోవడానికి వెళ్తే రెండు నిమిషాల్లో బయటపడతాను. నిలబడి బీరువా చూసే చోటు కూడా లేదు. మా అపార్టుమెంటులో తొమ్మిదిమందిమి ఉన్నాం, అపరాధ పరిశోధన అంటే చెవి కోసుకుంటాం. ఒకరు కొన్నది అందరం తిప్పుకుంటాం, ముగింపు ముందే చెప్పినవాళ్ళకి తర్వాతి నవల ఇవ్వం, అదీ మా చట్టం. ఇలాంటి సభ ఉందంటే మేం తొమ్మిదిమందిమీ వస్తాం. వ్యాసరచన బహుమతి ప్రదానానికి రమ్మంటే మాత్రం రాము, పంతులు గారు ఏమనుకున్నా సరే.

హెడ్డు గారు (రి.):
32 ఏళ్ళు ఖాకీ వేసుకున్నవాణ్ణి. రచయితని పిలిస్తే నన్నూ పక్కన కూర్చోబెట్టండి, అడగాల్సినవి చాలా ఉన్నాయి. నవల ఆఖర్న హంతకుడు ఇన్‌స్పెక్టరు ముందు అంతా ఒప్పేసుకుంటాడు, సుఖాంతం. పోలీసు ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా కోర్టులో చెల్లదు మహాప్రభో! మా కేసు అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఇంకొకటి, 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. హత్య కేసు పాత ఐపీసీ 302 కాదు, భారతీయ న్యాయ సంహితలో 103. శవపంచనామా పాత సీఆర్‌పీసీ 174 కాదు, దాని బదులొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194. మొన్న కొన్న కొత్త నవలలో కూడా 302 అనే ఉంది. పుస్తకం విసిరికొడదామనుకున్నాను, కానీ రాత్రి రెండింటిదాకా చదివాను.

ఎస్సై_ఈసారి_పక్కా:
హెడ్డు సార్, ఈ సెక్షన్లు మాకు పరీక్షల వస్తయి. పాతవి, కొత్తవి పక్కపక్కన చెప్తా అంటే నేను నోట్సు తీసుకొని వస్త. మైకు మాత్రం వద్దు. సెలవు దినం పెట్టున్రి, శుక్రవారం.

తాళంచెవి:
శుక్రవారం అని సులువుగా అనేశారు. నేను ఒక శాఖలో పనిచేస్తాను, ఔట్‌సోర్సింగ్. మాకు శుక్రవారం సెలవు, ఆ ఒక్కరోజే బట్టలుతుక్కునేది. సభంటే తలుపు తీయడం, ఊడవడం, కుర్చీలు వేయడం, మళ్ళీ తీయడం, రచయిత గారికి మంచినీళ్ళు, అన్నీ నావే. సభ ఫోటోలో కూడా నేనుండను. సభ పెట్టొద్దనడం లేదు. డిటెక్టివ్ పుస్తకాలు అడిగి తీసుకెళ్ళేవాళ్ళే గడువులోపు తెచ్చిస్తారు, ఎందుకంటే రెండోది కావాలి వాళ్ళకి. వాళ్ళంటే నాకు ప్రేమే. కానీ మారు సెలవు రాతపూర్వకంగా ఇప్పించండి.

కాలువగట్టు:
ఇవాళ లైబ్రేరియన్ గారితో మళ్ళీ మాట్లాడాను. శుక్రవారం వద్దు, తాళంచెవి గారు చెప్పింది న్యాయం, మా దగ్గరా అలాంటి కుర్రాడే ఉన్నాడు. గురువారం సాయంత్రం నాలుగింటికి, వరండాలో. హాల్లో పిల్లల్ని కదపం, మైకు లేదు. టెంట్ హౌస్ నుంచి 30 కుర్చీలు తెప్పిస్తాను. లీడ్స్ గారు అడిగాక సిగ్గేసింది, కాబట్టి ఆయన పుస్తకాలు పది కాపీలు మేమే చందా వేసుకుని కొంటాం, శాఖకి రెండు, తక్కినవి చందాదారులకి. దండ లేదు, శాలువా లేదు. హెడ్డు గారు మా ఊరికి ఎంత దూరంలో ఉన్నారో చెప్తే బాగుండు.

పంతులు గారు (రిటైర్డ్):
వరండా అయితే నాకు అభ్యంతరం లేదు. వరండా వరకూ పేపర్లు చదివేవాళ్ళదే, ఎప్పుడూ గోలగానే ఉంటుంది. లోపల మాత్రం పెట్టకండి. నేను రాను.

పద్మ_పాఠకురాలు:
వరండాలో ఫ్యాను ఉందాండీ?

కాలువగట్టు:
లేదండీ. పెడస్టల్ ఫ్యాను మా ఇంట్లోది తెస్తాను, కాకపోతే అది తిరిగినప్పుడు చేసే చప్పుడుకి రచయిత గారు కొంచెం గొంతు పెంచాలి.