క్రిస్మస్‌కి బట్టలు మానేసి ఆ డబ్బు అనాథ పిల్లలకిస్తే తప్పేంటి?

డాలస్_పెద్దోడు:
అందరికీ వందనాలు. మేం నలుగురం తోబుట్టువులం. ఏటా క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదికీ బట్టలకు, పిల్లల బొమ్మలకు నేనే డబ్బు పంపుతాను. ఈసారి అవేవీ వద్దు, అంతా బాపట్ల దగ్గరున్న పిల్లల హాస్టల్‌కి మనందరి పేరునా ఇచ్చేద్దామని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. చూసి కూడా ఒక్కళ్లూ నోరు విప్పలేదు. నేనేమన్నా కాని మాటన్నానా?

రసీదు_రాయుడు:
మీది ఇండియా పాస్‌పోర్టా, అమెరికాదా? అమెరికా పౌరసత్వం ఉంటే అది విదేశీ విరాళం కింద లెక్క. ఆ హాస్టల్‌కి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని వాళ్ల ఖాతాకే రావాలి.

మెదక్_రాజు:
మంచి పని బ్రదర్. మా మెదక్ చర్చి కట్టింది కరువు రోజుల్లోనే. మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని చూపించి కడుపు నింపాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. క్రిస్మస్ అంటే అదీ.

తెనాలి_ఆడపడుచు:
రాజుగారూ, పోస్నెట్ గారు పక్కవాళ్ల చీర డబ్బులు తీసి పెట్టలేదు కదండీ. యోహాను 12 చదవండి. మరియ ఖరీదైన అత్తరు ప్రభువు పాదాలకు పూస్తే, దాన్ని మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చుగా అన్నదెవరు?

డాలస్_పెద్దోడు:
ఓహో, నన్ను ప్రభువును పట్టిచ్చిన యూదాను చేశారన్నమాట! రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలని లూకా 3లో ఉంది, అది కనిపించదు. పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కి ఒక జత, పండక్కి ఒకటి, జనవరి ఫస్టుకి ఇంకొకటి. బీరువా తలుపు పడదు మనవాళ్లకి.

తెనాలి_ఆడపడుచు:
ఎవరి బీరువా అన్నయ్యా? మా అన్న కూడా పోయినేడు ఇదే చేశాడు. చీర లేదు, వాట్సాప్‌లో సర్టిఫికెట్ ఒకటి వచ్చింది, నా పేరు తప్పుగా రాసి. అదిగో అని అత్తగారికి చూపించనా? మా ఆయన పోయాక నాకు ఏడాదికొచ్చే కొత్త చీర అదొక్కటే. ఆరాధనకి పాత చీరతో వెళ్తే సంఘంలో ఆడవాళ్లు ముందు అడిగేది, "మీ అన్న ఏం పెట్టలేదా?" అని. పుణ్యం ఆయన ఖాతాలోకి, మాట పడడం నా వంతు.

రసీదు_రాయుడు:
పాస్‌పోర్టు సంగతి చెప్పలేదు. ఇక్కడివాళ్లు ఇచ్చినా, కొత్త పన్ను విధానంలో విరాళాలకి పన్ను మినహాయింపు రాదు. పాత విధానంలోనూ 2000 దాటి నగదుగా ఇస్తే రాదు.

బాపట్ల_బుజ్జి:
రాయుడుగారూ, మీ పుణ్యముంటుంది, కాసేపు ఆగండి.

డాలస్_పెద్దోడు:
సిస్టర్, మీ బాధ వేరు. మా చెల్లెళ్లకేం లోటు లేదు. అసలు సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నా. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ పంపుతూనే ఉన్నాను. ఇంట్లో ఒక్కరైనా "నీకేం కావాలిరా" అన్నారా? నాకొక జేబురుమాలు కొన్న పాపాన పోయారా? డిసెంబర్ వస్తే చాలు, సైజులు, రంగులు, ఫొటోలు. "ఇంకో ఐదు వేలు వెయ్యి" అని మెసేజ్. పైగా పంపింది చాల్లేదని వెనకాల గుసగుసలు.

తెనాలి_ఆడపడుచు:
ఆ మాటే గ్రూపులో పెట్టుంటే సరిపోయేది. అలిగింది ఇంట్లోవాళ్ల మీద, అడ్డం పెట్టుకున్నది హాస్టల్ పిల్లల్ని. అందుకే ఎవరూ పలకలేదు. కాదంటే అనాథల నోటి కూడు లాగేసినట్టుంటుంది, సరేనంటే పండక్కి ఒట్టి చేతులు.

మెదక్_రాజు:
సగం సగం చేసుకోండి, గొడవ వదిలిపోతుంది.

డాలస్_పెద్దోడు:
మీకేం, మధ్యలో కూర్చుని చెప్తారు. నా డబ్బు, నా ఇష్టం.

తెనాలి_ఆడపడుచు:
అయితే "మనందరి పేరునా" అని రాయకండి. మీ పేరున ఇచ్చుకోండి, ఎవరూ అడగరు. చెల్లెళ్లకి పెట్టాలనుంటే మాత్రం ఈ వారమే తేల్చండి. డిసెంబర్ పదో తారీఖు దాటితే మా టైలర్ జాకెట్ గుడ్డ ముట్టుకోడు.