పిల్లలకు ఆదివారం కూడా కోచింగేనా?

పటమట నాన్న:
మావాడు నాలుగో తరగతి. ఎండాకాలం సెలవుల్లో క్రికెట్ క్యాంపులో వేశాం, అది అలాగే కొనసాగుతోంది. ఇప్పుడు ఆదివారం కూడా తీసుకురమ్మంటున్నారు. వాడేమో "కింద పిల్లలతో ఆడుకుంటా నాన్నా" అని ఒకటే గోల. మీరైతే ఏం చేస్తారు?

బ్రాడీపేట కుర్రాడు:
ఆడుకోనివ్వండి సార్. మా లైన్లో గోడ దాటితే అవుట్, కొట్టినోడే బంతి తేవాలి. ఒకడు మిగిలితే రెండు జట్లకీ బ్యాటింగ్. తొండి చేస్తే కాసేపు గొడవ, మళ్లీ ఆట. ఆ తీర్పులన్నీ మావే, పెద్దవాళ్లు వచ్చేది అన్నానికి పిలవడానికే. ఇప్పుడు అదే లైన్లో రెండు పక్కలా కార్లు, అది వేరే సంగతి.

షటిల్ కోచ్, గుంటూరు:
నా పొట్ట కొట్టుకునే మాటే గానీ, ఆదివారం మానిపించండి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2016 నివేదికలో వారానికి ఒకటి రెండు రోజులు సెలవివ్వాలని, 15, 16 ఏళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టేయొద్దని ఉంది. ఎదిగే ఎముకలు కదా, రోజూ అదే దెబ్బ అదే చోట పడితే మోచెయ్యో మడమో పట్టేస్తుంది.

అంతకన్నా పెద్ద తలనొప్పి తల్లిదండ్రులు. కోర్టు పక్కనే నిలబడి "మణికట్టు, మణికట్టు!" అని అరిచే నాన్నలున్నారు. పిల్లాడు స్మాష్ కొట్టి షటిల్ ఎక్కడ పడిందో చూడడు, నాన్న మొహం చూస్తాడు. అందుకే నా దగ్గర పేరెంట్స్ కుర్చీలు గేటు బయట వేయించాను.

కృష్ణలంక అమ్మ:
చిన్నప్పుడే పెట్టకపోతే మెడల్స్ ఎలా వస్తాయండీ? మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ పసితనంలోనే కృష్ణా నది ఈదింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది.

షటిల్ కోచ్, గుంటూరు:
ఈదింది సరే అమ్మా, స్వర్ణాలు వచ్చింది విల్లుతో కదా! మొదట పట్టుకున్న ఆటే చివరిదాకా ఉండాలని లేదు.

కృష్ణలంక అమ్మ:
అదీ నిజమే. కానీ వీధిలో ఆడుకోనివ్వండి అని మగపిల్లల వాళ్లు తేలిగ్గా అనేస్తారు. మా అమ్మాయి ఆరో తరగతికి రాగానే అత్తయ్య "ఇంకా రోడ్డు మీద ఆటలేంటి" అని మొదలుపెట్టారు. అదే కబడ్డీ కోచింగ్ అంటే ఎవరూ నోరెత్తలేదు. మాకు కోచింగే వీధి.

పటమట నాన్న:
ఆదివారం మానిపిస్తున్నా. సెల్లార్లో ఆడితే అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు. పటమట వైపు సెలవు రోజు గేటు తీసి ఉంచే స్కూల్ గ్రౌండ్ ఏదైనా ఉంటే చెప్పండి.