కాంటర్ మిశ్రలోహం 900 డిగ్రీల దగ్గర పొట్టు రాలుస్తోంది, బరువు లెక్క తేడా వస్తోంది, ఎవరైనా చెప్పగలరా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఎంటెక్ ప్రాజెక్టు కోసం కోబాల్ట్, క్రోమియం, ఐరన్, మాంగనీస్, నికెల్ ఐదూ పరమాణువుల లెక్కన సమపాళ్లలో వేసి ఆర్క్ మెల్టింగ్‌లో (విద్యుత్ మెరుపు వేడితో) కరిగించాను, దీన్నే కాంటర్ మిశ్రలోహం అంటారు. 10×10×2 మిల్లీమీటర్ల ముక్క కోసి, 900 డిగ్రీల సెల్సియస్‌లో మఫుల్ ఫర్నేస్‌లో పెట్టి, పది గంటలకోసారి బయటికి తీసి తూస్తున్నాను. 30 గంటల దాకా బరువు పెరిగింది, ఆ తర్వాత తగ్గుతోంది! ముక్క చుట్టూ నల్లటి పొట్టు. ఇలా చాలా లోహాలు సమపాళ్లలో కలిపే హై ఎంట్రోపీ మిశ్రలోహం ఆక్సిడేషన్‌కు (వేడిలో గాలి తగిలి ఆక్సైడ్‌గా మారడానికి) బాగా తట్టుకుంటుందని విని మొదలుపెట్టాను. తప్పు నాదా, లోహానిదా? వచ్చే వారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, కంగారు పడకు, నీకు వచ్చింది మంచి ఫలితమే, తూచే పద్ధతి మాత్రం మార్చాలి. బరువు తగ్గింది అంటే లోహం ఆక్సిజన్ తీసుకోవడం ఆపేసిందని కాదు, తీసుకున్న ఆక్సిజన్‌తో పాటు లోహాన్ని కూడా పొట్టుగా రాల్చేస్తోంది, ఆ పొట్టును నువ్వు తూకంలో వెయ్యలేదు. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) క్రూసిబుల్, అంటే వేడిని తట్టుకునే గిన్నె, తీసుకుని, ముందుగా దాన్ని ఖాళీగానే 1000 డిగ్రీల పైన కొన్ని గంటలు కాల్చి, బరువు నిలకడగా వచ్చేదాకా చూడు, లేకపోతే దాని తేమ కూడా నీ లెక్కలో కలుస్తుంది. ఆ తర్వాత ముక్కను అందులోనే పెట్టి, ఫర్నేస్‌లోంచి తీయగానే మూత వేసి, చల్లారాక మొత్తం కలిపి తూచు. చల్లారేటప్పుడు కాస్త దూరం నుంచే చెవి ఒగ్గి విను, సన్నగా టిక్ టిక్ మంటూ ఉంటుంది, ఆ చప్పుడు పొర పగిలి ఎగిరిపడుతున్నదే. మూత లేకపోతే అది బల్ల మీద పడుతుంది.

ఇంకో మాట, ఒకే ముక్కను ఐదుసార్లు తీసి మళ్లీ పెడితే అది ఐసోథర్మల్ (ఒకే వేడిలో ఆపకుండా ఉంచే) పరీక్ష కాదు, సైక్లిక్ (వేడి చేసి చల్లార్చి మళ్లీ వేడి చేసేది). లోహం చల్లారితే ఎక్కువ ముడుచుకుంటుంది, ఆక్సైడ్ తక్కువ ముడుచుకుంటుంది, ఆ లాగులాటలోనే పొర ఊడుతుంది. 10, 20, 30, 50 గంటలకు విడివిడిగా ముక్కలు పెట్టు. నీ ముక్క ఉపరితలం 2.8 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగినా మొత్తం 2.8 మిల్లీగ్రాములే, 0.1 మిల్లీగ్రాము చూపించే బ్యాలెన్స్ ఉంటేనే కుదురుతుంది. బరువు పెరుగుదలను వర్గం చేసి కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తే పారాబోలిక్, అంటే పొర అడ్డుపడుతోందని అర్థం.

ఇక లోహం సంగతి. హై ఎంట్రోపీ అన్న పేరు కాపాడదు, పైన ఏ ఆక్సైడ్ పెరుగుతుందో అదే కాపాడుతుంది. ఇది నేను ఎంతమందికి చెప్పినా తక్కువే అనిపిస్తుంది. ఆ ఐదింటిలో మాంగనీస్ అన్నిటికన్నా వేగంగా కదులుతుంది, పైకి వచ్చి 600 నుంచి 800 డిగ్రీల్లో ఒక రకం మాంగనీస్ ఆక్సైడ్, 900 దగ్గర ఇంకో రకం కడుతుంది, దాని కింద క్రోమియా (క్రోమియం ఆక్సైడ్) పొర పలచగా మిగులుతుంది. పైకి పోయిన మాంగనీస్ ఖాళీ చేసిన చోట, ఆక్సైడ్ కింద, చిన్న చిన్న గుంటలు పడతాయి, అక్కడ పట్టు పోయి పొర ఊడుతుంది. ముక్కను అడ్డంగా కోసి, రెసిన్‌లో మౌంట్ చేసి సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద చూడు, ఆ గుంటలు కనిపించే అవకాశం ఎక్కువ. ఈడీఎస్‌లో (ఏ మూలకం ఎక్కడ ఎంత ఉందో చూపే పరీక్షలో) మాంగనీస్ లైన్ ఆక్సైడ్ కింద, లోహం అంచు దగ్గర పడిపోతుంది. రివ్యూకి ఆ ఒక్క బొమ్మ చాలు.

మరొకరు:
అన్న చెప్పింది నిజం. నేను ఒక ల్యాబ్‌లో మూడు నెలలు కష్టపడ్డాక ఫర్నేస్ డిస్‌ప్లేకీ, ముక్క ఉన్న చోటికీ 40 డిగ్రీల తేడా ఉందని తెలిసింది, అప్పటిదాకా తీసిన డేటా మొత్తం పోయింది. కె టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) ముక్క పక్కన పెట్టి చూసుకోండి. అంచులు, మూలలు 1200 గ్రిట్ కాగితం మీద గుండ్రంగా చేసుకోండి, పొర ముందు ఊడేది మూలల దగ్గరే.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, చాలా థాంక్స్. మరి మాంగనీస్ తీసేసి అల్యూమినియం వేస్తే? మా గైడ్ మాలిబ్డినం, నియోబియం, టాంటలం, టంగ్‌స్టన్ కాంబినేషన్ కూడా అడుగుతున్నారు.

జవాబు:
మాంగనీస్ తీసేస్తేనే మెరుగు, క్రోమియా నిలబడుతుంది. కానీ 1000 డిగ్రీలు దాటాక క్రోమియా కూడా ఆవిరవుతుంది, తేమగాలిలో అయితే ఇంకా త్వరగా. అక్కడ అల్యూమినా కావాలి. అల్యూమినియం తక్కువ వేస్తే పైన క్రోమియా, లోపల అల్యూమినా ముక్కలు, నైట్రైడ్ కూడా వస్తాయి, ఎక్కువ వేస్తే పూర్తి పొర వస్తుంది కానీ లోహంలో అణువుల అమరిక బీసీసీ అనే రకం వైపు జరిగి పెళుసవుతుంది. కోసేటప్పుడు పగిలితే ఆశ్చర్యపోకు. కొద్దిగా హాఫ్నియం, ఇట్రియం వేస్తే పొర పట్టు పెరుగుతుంది, కొద్దిగా అంటే నిజంగా కొద్దిగానే, ఎక్కువైతే అదే లోపలికి ఆక్సిడైజ్ అవుతుంది.

ఆ నాలుగింటి సంగతికి వస్తే, వేడిలో బలం మహా ఉంటుంది, గాలిలో పెడితే మాత్రం నిలవదు. మాలిబ్డినం ట్రయాక్సైడ్ 795 డిగ్రీలకే కరిగిపోయి ఆవిరవుతుంది, నియోబియం ఆక్సైడ్ లోహం కన్నా రెండున్నర రెట్ల పైన చోటు ఆక్రమించి పగుళ్లు తెస్తుంది. అందుకే చాలామంది వాటికి క్రోమియం, అల్యూమినియం, టైటానియం కలుపుతున్నారు, టాంటలం, క్రోమియం కలిసి కట్టే ఆక్సైడ్ బాగా కాపాడుతుంది. మీ గైడ్‌తో ఇది చెప్పి, ముందు మాంగనీస్ లేకుండా కోబాల్ట్, క్రోమియం, ఐరన్, నికెల్ నాలుగింటితో బటన్ (చిన్న ముద్ద) ఒకటి కరిగించి 900 దగ్గరే పెట్టు, మాంగనీస్ ఉన్నదీ లేనిదీ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టు, నేనూ చూడాలి.